ముందు అద్దం వద్దు నాయనా

మా తమ్ముడి కొడుక్కి ఈ ఏడాది బీటెక్‌లో సీటొచ్చింది. ల్యాప్‌టాప్‌కి పెట్టే డబ్బుతో డెస్క్‌టాప్ అయితే గట్టిది వస్తుందని, రెండేళ్ల తర్వాత గ్రాఫిక్స్ కార్డు తగిలించుకోవచ్చని వాడే లెక్కలు వేసి వాళ్ల నాయన్ని ఒప్పించాడు. రైజెన్ 5600జి ప్రాసెసర్, దానికి సరిపడే మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. ఆఖర్న క్యాబినెట్, అంటే ఇవన్నీ బిగించే డబ్బా, దగ్గరికొచ్చేసరికి ఫోన్ నా చేతికిచ్చి, "ఎంత బాగుండాదో చూడత్తా" అన్నాడు. ముందు అద్దం, పక్కన అద్దం, లోపల రంగులు మారే నాలుగు ఫ్యాన్లు. 2,900 రూపాయలు.

"బాగుండాది. దీనికి ముక్కేది నాయనా?" అన్నాను.

ఆ మాటతో మొదలైన వాదన పది రోజులు నడిచింది. ఫోన్లో కొంత, మా అంగట్లో కొంత, తిరుపతి గాంధీ రోడ్డు వైపు ఒక కంప్యూటర్ల అంగడి కౌంటర్ దగ్గర కొంత. నా మాట ఒకటే. మూడు వేల లోపు డబ్బా కొనేటప్పుడు మొదట చూడాల్సింది దాని ముందు పలక. అక్కడ గాలికి దారి లేకపోతే లోపల ఎన్ని ఫ్యాన్లున్నా, ఎన్ని రంగులున్నా మన ఊరి ఎండలకి అది పనికిరాదు. పది రోజుల్లో వాడి మాటలు కొన్ని నేను ఒప్పుకోవాల్సి వచ్చింది, నా మాట కొంత సవరించుకోవాల్సీ వచ్చింది. అవన్నీ రాసిపెడదామనిపించింది.

టికెట్లు వదిలిన రోజు

బాలాజీ కాలనీ వైపు మా అంగడి. డీటీపీ, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ప్రింట్లు, లామినేషన్. ఉన్నవి మూడు సిస్టమ్‌లు. మధ్యదానిలో బోర్డు, ప్రాసెసర్ పాతవి, నాలుగో తరం ఐ5. డబ్బా మాత్రం 2019లో కొత్తది కొన్నాను. ముందువైపు తళతళలాడే నల్ల అక్రిలిక్ పలక, మధ్యలో నిలువునా ఎర్ర లైటు గీత. వచ్చేవాళ్ల వైపు తిరిగి ఉంటుంది కాబట్టి కళగా ఉండాలనుకున్నాను. ఎస్ఎంపీఎస్‌తో (లోపలి వాటికి కరెంటు అందించే పెట్టెతో) కలిపి 1,650 తీసుకున్నారు.

ఒక మే నెల, 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే రోజు. తిరుపతిలో ఉండేవాళ్లకి దర్శనం ఇంటి పెరట్లో ఉన్నట్టే అనుకుంటారు బయటివాళ్లు. ఆ రోజు పొద్దున మా అంగట్లో కూర్చుంటే తెలుస్తుంది. పుత్తూరు నుంచి ఒక పెద్దాయన, కోడలితో ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నాడు. ఆరుగురి ఆధార్ జెరాక్సులు, కోడలి చేతిలో ఓటీపీ కోసం ఫోను. పేర్లు, వయసులు అన్నీ ముందే ఒక ఫైల్లో కొట్టి పెట్టుకున్నాను. సైట్ తెరుచుకుంది, వరుసలో మా వంతు దగ్గరపడుతోంది, అప్పుడు సిస్టమ్ టప్పున ఆరిపోయింది. కరెంటు ఉంది. యూపీఎస్ బాగుంది. పక్క రెండూ నడుస్తున్నాయి. మళ్లీ వేస్తే ప్రాసెసర్ ఫ్యాన్ గోలగోలగా తిరిగి, రెండు నిమిషాల్లో మళ్లీ ఆరిపోయింది. పక్కదానిలో మొదటినుంచి మొదలుపెట్టేసరికి వాళ్లకి కావలసిన తేదీలన్నీ అయిపోయాయి.

పెద్దాయన ఒక్క మాట అనలేదు. "సామి ఎప్పుడు రమ్మంటే అప్పుడే లేమ్మా" అని జెరాక్సులు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే నాకంత కష్టంగా ఉండేది కాదు.

ఆ రాత్రి షట్టర్ సగం దించి డబ్బా విప్పాను. ప్రాసెసర్ ఫ్యాన్ ఊడదీస్తే కింద హీట్‌సింక్ రెక్కలు, ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రెక్కలు, కనిపించలేదు. వాటి మీద బూడిదరంగు పొర ఒకటి పరుచుకుని ఉంది. అగ్గిపుల్లతో అంచు లేపితే పొడిగా రాలలేదు, పాత గొంగడి ముక్కలాగా మొత్తం ఒకే చాపగా లేచి వచ్చింది. ముట్టుకుంటే జిడ్డు. మా అంగట్లో సామి పటం సరిగ్గా ఆ సిస్టమ్‌కి పైనే ఉంటుంది. రోజూ అగరుబత్తీలు, శనివారం కర్పూరం. ఆ పొగ, రోడ్డు దుమ్ము కలిస్తే బ్లోయర్‌తో కొట్టినా పోదు.

తప్పు డబ్బాదా, ఎనిమిది నెలలుగా దాన్ని విప్పి చూడని నాదా? ఈ ప్రశ్న అప్పుడే నేను వేసుకున్నాను, ఈ మధ్య మా మేనల్లుడు కూడా వేశాడు. అందుకే మర్నాడు పరీక్ష పెట్టాను. మొత్తం బ్రష్షుతో శుభ్రం చేసి, ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పాత థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పూసి, వేడి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వేసి, మధ్యాహ్నం రెండు గంటలకి అరగంట సేపు బరువైన పని పెట్టాను. గోడకున్న థర్మామీటర్ 36 చూపిస్తోంది. నల్ల పలక బిగించి ఉన్నప్పుడు ప్రాసెసర్ 87 డిగ్రీల దగ్గర ఆగింది. పలక ఊడబెరికి పక్కన పెట్టి మళ్లీ అరగంట నడిపితే 76. అదే మిషను, అదే గది, దుమ్ము కణం లేదు. తేడా ఆ ఒక్క పలక.

దుమ్ము నాది. పదకొండు డిగ్రీలు డబ్బావి.

గాలి లెక్క

క్యాబినెట్ దేన్నీ చల్లబరచదు. లోపల పుట్టిన వేడిని గదిలోకి పోనివ్వడం వరకే దాని పని. గది 38 ఉంటే లోపల అంతకన్నా తగ్గదు. ఎంత పెరుగుతుందన్నదే గాలి దారి మీద ఆధారపడుతుంది. ఎక్కడో 22 డిగ్రీల గదిలో కూర్చుని వీడియో చేసినాయన "ముందు అద్దం ఉంటే ఏడెనిమిది డిగ్రీలే ఎక్కువ, ఏం కాదు" అంటే ఆయనకి నిజంగానే ఏం కాదు. మనం మొదలయ్యేదే ఆయన కంటే 16 డిగ్రీలు పైన.

200 వాట్ల వేడి పుట్టే సిస్టమ్‌లో లోపలి గాలి గది కంటే 10 డిగ్రీలు మించి వేడెక్కకుండా ఉండాలంటే నిమిషానికి దాదాపు 1,000 లీటర్ల గాలి లోపలికొచ్చి బయటికి పోవాలి. మన మిద్దెల మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయే, వెయ్యి లీటర్లవి, అలాంటి ట్యాంకెడు గాలి, ప్రతి నిమిషమూ. అది ఎక్కడినుంచి రావాలి?

అంగట్లో వాడు మెచ్చిన డబ్బాకి స్కేలు పెట్టి కొలిచాను. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి తిరిగే చోటు 113 చదరపు సెంటీమీటర్లు. ముందు రెండు ఫ్యాన్లున్నాయి కాబట్టి 226. ఆ ఫ్యాన్ల ఎదురుగా నిలువెత్తు అద్దం. గాలి రావాల్సింది అద్దానికీ చట్రానికీ మధ్య ఉన్న సందులోంచి. ఎత్తు 35 సెంటీమీటర్లు, వెడల్పు 8 మిల్లీమీటర్లు. రెండు పక్కలా కలిపి 56 చదరపు సెంటీమీటర్లు. ఫ్యాన్లకి కావలసినదాంట్లో నాలుగో వంతు. అది కూడా మలుపు తిరిగి రావాలి.

"నాలుగు ఫ్యాన్లుండాయి కదక్కా, ఇంకేం కావాల?" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. మంచి అబ్బాయి, అమ్ముకోవాలని అన్న మాట కాదది, నమ్మే అన్నాడు. కిటికీలు మూసేసి సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే గదిలో గాలి తిరుగుతుంది గానీ ఉక్క పోదు కదా తమ్ముడూ అన్నాను. ఫ్యాన్ తిరగడం వేరు, గాలి మారడం వేరు.

అప్పుడు మావాడు అన్న మాట నాకు రాత్రంతా పని పెట్టింది. "అత్తా, నీ లెక్క 200 వాట్లకి. నాది 65 వాట్ల ప్రాసెసర్, కార్డు లేదు. అన్నీ కలిపినా 120 దాటదు. అంత సందు చాలదా?"

చాలు. వాడి లెక్క సరైనదే. గ్రాఫిక్స్ కార్డు లేని సాదా సిస్టమ్‌కి వెనకాల ఒక ఫ్యాన్ ఉన్న మామూలు డబ్బా సరిపోతుంది, ముందు మెష్, అంటే సన్న కన్నాల పలక, లేకపోయినా ప్రాణం మీదికి రాదు. ఇది ఒప్పుకోకుండా మెష్ మెష్ అని పాడితే నేనూ రంగుల ఫ్యాన్లు అమ్మేవాళ్లలాగే అవుతాను. కానీ ఆ లెక్క ఒప్పుకుంటే అది అద్దం వైపు కూడా నిలబడదు. అంత తక్కువ వేడే అయితే 1,100 రూపాయల రేకు డబ్బా చాలు, 2,900 ఎందుకు? వాడు డబ్బా కొంటున్నదే రేపు కార్డు వేసుకుందామని. మామూలు కార్డు కూడా 120 నుంచి 170 వాట్లు తనొక్కటే లాగుతుంది. పైగా వాడుండేది భవానీ నగర్‌లో, పై అంతస్తు గది. మేలో పగలంతా కాగిన మిద్దె రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. వాడు ఆడుకునేది ఆ వేళలోనే. 5600జికి కంపెనీ పెట్టిన హద్దు 95 డిగ్రీలు. హద్దు చేరగానే కాలిపోదు, తన వేగం తనే తగ్గించుకుంటుంది. డబ్బు పోసి కొన్న వేగం డబ్బా దగ్గర ఆగిపోతుంది.

అద్దాల డబ్బాలన్నీ చెడ్డవని నేననను. ముందు, పక్క అద్దాలు పెట్టి, అడుగునుంచి, రెండో పక్కనుంచి గాలి పీల్చేలా కట్టినవి వచ్చాయి. బాగా కట్టినవి బాగానే పనిచేస్తాయి. కాకపోతే వాటికి అడుగున మూడు, పక్కన రెండు ఫ్యాన్లు మనం విడిగా కొనాలి, డబ్బాని నేలకి ఆనించకుండా ఎత్తున పెట్టాలి. మూడు వేల లోపు మాట కాదది.

దుమ్ము మాటేంటి?

ఈ ప్రశ్న మా తమ్ముడు వేశాడు. "జల్లెడలాగా కన్నాలుంటే దుమ్మంతా లోపలికే కదా?" న్యాయమైన అనుమానం. మా వీధిలో పైపుల కోసం ఒకసారి, కేబుళ్ల కోసం ఒకసారి రోడ్డు తవ్వుతూనే ఉంటారు.

నల్ల పలక డబ్బా నాకు నేర్పింది ఇదే. ముందు మూసినంత మాత్రాన దుమ్ము ఆగదు. వెనక ఫ్యాన్ గాలిని బయటికి లాగుతుంటే, లోపల తగ్గిన గాలి ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి దూరుతుంది. డీవీడీ మూత పక్కనుంచి, వెనక రేకుల మధ్యనుంచి, యూఎస్‌బీ రంధ్రాలనుంచి కూడా. ఆ దారుల్లో ఎక్కడా వడపోత ఉండదు. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి పెడితే, వచ్చే గాలి పోయే గాలి కంటే ఎక్కువై, సందుల్లోంచి గాలి బయటికే తోసుకుంటుంది. దుమ్ము రావాలంటే ముందున్న వల గుండానే రావాలి. ఆ వల మన చేతికి అందేలా ఉంటే చాలు, వారానికోసారి విప్పి దులుపుకోవచ్చు. కాబట్టి అంగట్లో డబ్బా చూసేటప్పుడు ముందు పలకని చేత్తో లాగి చూడండి. స్క్రూలు విప్పకుండా వస్తుందా? పలక వెనక వల ఉందా? ఆ వల విడిగా ఊడుతుందా, పలకకి వేడి జిగురుతో అతికించేశారా? అతికించినదాన్ని ఎవరూ కడగరు. నేనూ కడగను.

శబ్దం సంగతి కూడా ఉంది. మెష్ ఉంటే ఫ్యాన్ల చప్పుడు బయటికి వినిపిస్తుంది, నిజమే. అయితే చౌక డబ్బాల్లో గోల పెట్టేది మెష్ కాదు. ఫ్యాన్ల వైరు చివర పెద్ద నాలుగు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, అది ఎస్ఎంపీఎస్‌కి నేరుగా తగులుతుంది, ఫ్యాన్ రాత్రీ పగలూ పూర్తి వేగంలోనే తిరుగుతుంది. చిన్న మూడు పిన్నులదో నాలుగు పిన్నులదో ప్లగ్గు ఉంటే బోర్డుకి తగిలించి, వేడిని బట్టి వేగం పెరిగేలా తగ్గేలా పెట్టుకోవచ్చు. చౌక బోర్డుల మీద ఆ చోట్లు ఒకటో రెండో ఉంటాయి కాబట్టి రెండు ఫ్యాన్లని కలిపే వైరు ఒకటి తెచ్చుకోవాలి. డబ్బా మీద రంగులెన్ని అని అడిగేవాళ్లే గానీ ఈ ప్లగ్గు ఏదని అడిగేవాళ్లని నేను చూడలేదు.

ఇంకో మాట. వెనకాల కార్డులు పెట్టే చోట చౌక డబ్బాల్లో విరిచి తీసే రేకులుంటాయి. ఒకసారి విరిస్తే మళ్లీ మూయడానికి ఉండదు. మా మూడో సిస్టమ్‌లో అలా తెరిచిన కంతలోంచి బల్లి దూరి ఫ్యాన్‌కి అడ్డం పడింది. స్క్రూతో బిగించే రేకులున్నది వెతుక్కోండి, కనీసం ఒకటి రెండైనా అలాంటివి ఉంటాయి.

డబ్బాతో పాటు ఇచ్చేది

క్యాబినెట్‌తో కలిపి ఎస్ఎంపీఎస్ ఇస్తామంటే తీసుకోకండి. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

నా నల్ల డబ్బాతో వచ్చినదాని మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉంది. పక్కన చిన్న పట్టికలో 12 వోల్టుల కింద 14 ఆంపియర్లని ఉంది. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, బళ్లో నేర్చుకున్న లెక్కే. 168. ఈ కాలపు సిస్టమ్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తాగేదంతా దాదాపు ఆ 12 వోల్టులనుంచే. నిజమైన 450 వాట్లదైతే ఆ గడిలో 36 ఆంపియర్లో అటూఇటుగానో ఉండాలి. చేత్తో ఎత్తి చూసినా తెలుస్తుంది, ఒకటి ఖాళీ టిఫిన్ డబ్బాలాగా ఉంటుంది, ఇంకొకటి బరువుగా దిగుతుంది.

ఆ సందర్భంలోనే ఇంకొకటి బయటపడింది. నల్ల డబ్బా విప్పిన రాత్రి చెప్పులు తీసేసి, నేల మీద కూర్చుని పనిచేస్తున్నాను. ఆ పొర తీసేసి, ప్లగ్గు పెట్టి, సరిగ్గా నడుస్తోందా అని వంగి చూస్తూ వెనక స్క్రూ మీద చెయ్యి ఆనించాను. మోచేతి దాకా జిల్లుమంది. టెస్టర్ పెడితే రేకంతా ఎర్రగా వెలిగింది. మనలో చాలామంది దీన్ని "కొంచెం షాక్ కొడుతుందిలే" అని ఏళ్ల తరబడి మోస్తారు. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని చెత్తని వడకట్టే చిన్న కెపాసిటర్లు రెండు తీగలనుంచీ డబ్బా రేకుకి కట్టి ఉంటాయి. వాటిలోంచి జారే కాస్త కరెంటు ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. గోడలో ఎర్త్ లేకపోతే రేకు మీద 230లో సగం, దాదాపు 115 వోల్టులు నిలబడిపోతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. లోపల ఏదైనా తీగ నిజంగా తెగి రేకుకి తగిలిన రోజు అలా ఊరుకోదు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. మా ప్లగ్గు పాయింట్లలో మూడో రంధ్రం వెనక తీగే లేదు. వెనక సందులో గొయ్యి తీసి, ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగా వేసి, పైపు పాతి, అక్కడినుంచి ఆకుపచ్చ తీగ లాగాడు. వేసవిలో ఆ గొయ్యిలో బిందెడు నీళ్లు పొయ్యమన్నాడు, పోస్తున్నాను. ఇనుప డబ్బా ఉండేదే ఇందుకు. ఎర్త్ ఉంటే అది కవచం, లేకపోతే అదే ప్రమాదం. డబ్బా ఎంత ఖరీదైనదైనా ఆ మూడో తీగని మీకు ఇవ్వలేదు. అద్దానికి ఎక్కువ పెట్టే డబ్బు ఇంట్లో ఎర్త్ లేనివాళ్లు మొదట దానికి పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

పాత డబ్బా అయితే?

"అంత పొదుపైతే నీ మూడో సిస్టమ్‌లాగా పాత డబ్బాలో పెట్టేస్తాలే" అన్నాడు మావాడు కోపంగా. వాడు కోపంలో అన్నా నాకది మంచి ఆలోచనే. ఏటీఎక్స్ అన్న కొలత 1995లో ఇంటెల్ పెట్టింది. పెద్ద బోర్డు 305 బై 244 మిల్లీమీటర్లు, మనం కొనే మైక్రో 244 బై 244. స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో, వెనక కంత ఎంతుండాలో అప్పటినుంచీ పెద్దగా మారలేదు. ప్రాసెసర్ సాకెట్లు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు, డబ్బా మాత్రం నిలబడింది.

మా మూడో సిస్టమ్ పాత ఇనుప సామాన్ల అంగట్లో 150 రూపాయలకి తెచ్చిన తెల్ల డబ్బాలో ఉంది. రేకు ఇప్పటి చౌక డబ్బాలకంటే మందం, బొటనవేలితో నొక్కితే లోపలికి పోదు. ముందు గాలి దారి అసలు లేదు, ఆ కాలానికి అక్కర్లేకపోయింది. వెల్డింగ్ షాపులో ముందు గుండ్రంగా కోయించి, 120 ఫ్యాన్ బిగించి, దానికి కిటికీ దోమతెర ముక్క కట్టాను. చూడ్డానికి ఏమీ బాగుండదు. ఆ బల్లి దూరిన రోజు తప్ప ఆరేళ్లుగా ఒక్కరోజు ఆగలేదు. ముందు యూఎస్‌బీలు పాతవి కాబట్టి నెమ్మది, అదొక్కటే లోటు.

అయితే పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి, మొదటిసారి తనకంటూ ఒక మిషను కట్టుకుంటున్నవాడికి, దాన్నే తీసుకో అనడం సరైనదేనా? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. నేను 2019లో ఎర్ర గీత డబ్బా కొన్నది కూడా కళ్లకి నచ్చే. నచ్చిన వస్తువు మీద దుమ్ము తుడుస్తాం, నచ్చనిదాన్ని బల్ల కిందికి తోస్తాం. అందం చూడొద్దనడానికి నాకు మనసొప్పలేదు.

పక్క అద్దం

తొమ్మిదో రోజు వాడే ఒకటి వెతికి పట్టుకొచ్చాడు. ముందంతా మెష్, పక్కన మాత్రం అద్దం, మూడు ఫ్యాన్లు, 2,450. "ఇప్పుడైనా ఒప్పుకో అత్తా. పక్కనుంచి గాలి రాదు కదా, అక్కడ అద్దమైతే ఏం, రేకైతే ఏం?"

ఏమీ లేదు. వాడన్నది నిజం. పక్క పలకలోంచి గాలి రావాల్సిన పని లేదు, అది రేకైనా అద్దమైనా వేడికి ఒకటే. పది రోజులు "అద్దం వద్దు" అంటూ వచ్చిన నేను "ముందు అద్దం వద్దు" దగ్గర ఆగాలి. ఆగాను. అద్దం విప్పినప్పుడు బండల నేల మీద నిలబెట్టొద్దని, మంచం మీద పరుపులోనే పెట్టమని మాత్రం చెప్పాను. ఇలాంటి అద్దం మూల గట్టి నేలకి తగిలితే పగలడం కాదు, గులకరాళ్లలాగా రాలిపోతుంది.

మద్రాసు పోయి రిచీ స్ట్రీట్‌లో కొంటే రెండు వందలు తక్కువన్నాడు తమ్ముడు. 140 కిలోమీటర్లు అద్దాన్ని ఒళ్లో పెట్టుకుని రావాలి. ఇక్కడే కొన్నాం. ఎస్ఎంపీఎస్ విడిగా, మంచిది, మూడు వేల చిల్లర.

ఆదివారం మా అంగడి బల్ల మీదే బిగించాం. వాడు మాన్యువల్ చదువుతూ, నేను టార్చి పట్టుకుని. బోర్డుని రేకుకి తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి కాళ్లలో ఒకటి పెద్ద బోర్డు కోసం ముందే బిగించి ఉంది, మన చిన్న బోర్డుకి అక్కడ రంధ్రం లేదు. అది బోర్డు వెనక తగిలితే షార్టవుతుంది. వాడే గమనించి విప్పి తీశాడు. పవర్ స్విచ్ వైర్లు, లైట్ల వైర్లు బోర్డు మీది సన్న పిన్నులకి గుచ్చేటప్పుడు మాత్రం నా చేతికిచ్చాడు, "నీకలవాటు కదత్తా" అని.

దసరాకి ఆయుధపూజ నాడు మా మరదలు గంధం గిన్నె పట్టుకొచ్చి ముందు మెష్ మీద బొట్టు పెట్టబోతే వాడు చెయ్యి అడ్డం పెట్టాడట. "అమ్మా, అక్కడొద్దు, కన్నాలు మూసుకుంటాయి, పైన పెట్టు" అన్నాడని ఆవిడే చెప్పింది. మొన్న నేను వాళ్లింటికి పోయేసరికి మిద్దె మీద దండెం మీద తమ్ముడి పంచెకీ తువ్వాలుకీ మధ్య నల్లటి వల ఒకటి రెండు క్లిప్పులకి వేలాడుతోంది. ఇంకా నీళ్లు కారుతున్నాయి.